విశాఖ దారిలో కుడి చక్రం

హోటల్ దుప్పట్లంటే నాకు నమ్మకం లేదు. మంచాల కింద ఎవరూ ఊడ్వరని, పాలసీసా కడుక్కోవడానికి తెచ్చిచ్చే వేడినీళ్ళు ఎప్పుడూ మరిగినవి కావని నా అభిప్రాయం. మా పాప నిత్యకు పదకొండు నెలలు. అది పుట్టాక మేము ఊరు దాటకపోవడానికి కారణం ఇదే. చివరికి మావారు రఘు, ఆఫీసులో బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర ఒక ట్రైలర్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న గది అది. రెండు చక్రాలు, లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, కిటికీకి దోమతెర. దుప్పటి మనదే, నీళ్ళు మనవే, ఇక దేనికి భయం అని ఆయన అడిగారు. చక్రాలున్నాయి కదా అన్నాను.

అమ్మినాయన తాళాలిస్తూ, "మూడేళ్ళుగా చక్రాల జోలికే పోలేదండీ, అంత మంచి బండి" అన్నాడు. ఆయన మెచ్చుకోలుగా చెప్పిన ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. చక్రం మధ్యలో హబ్బు ఉంటుంది. దాని లోపల రెండు బేరింగులుంటాయి. వాటిలో గ్రీజు ఎండిపోతే బేరింగు కాలిపోయి పట్టేస్తుందని, ఒక్కోసారి చక్రమే ఊడిపోతుందని చదివాను. కాకినాడలో ఇద్దరు మెకానిక్కులను అడిగాం. ఒకాయన ట్రాక్టర్ షెడ్డుకు పొమ్మన్నాడు. రెండో ఆయన కుర్చీలోంచి లేవకుండానే "బాగానే ఉందమ్మా" అన్నాడు. విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్లో, పడవలు మోసే ట్రాలీలకు చక్రాల పని చేసే అప్పలరాజు అనే ఆయన ఉన్నాడని మావారి స్నేహితుడు చెప్పాడు. అలా ముందు చక్రాల పని, తర్వాత రుషికొండలో రెండు రాత్రులు, వచ్చేటప్పుడు సింహాచలం అని అనుకున్నాం. పాప పడుకున్నాక రోజుకు కొంత చొప్పున ఇది రాస్తున్నాను. ఇలాంటి బండితో వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందేమో.

శుక్రవారం ఉదయం 5:40కి కాకినాడలో బయలుదేరాం. బండి కదిలేటప్పుడు ట్రైలర్లో ఎవరూ ఉండకూడదు, అందరం కారులోనే. వేగం యాభై దాటకూడదని మావారితో మాట తీసుకున్నాను. 7:25కి అన్నవరం దగ్గర టిఫిన్‌కి ఆగాం. తినే ముందు నేను వెళ్ళి రెండు హబ్బుల మీదా చేతి వెనకవైపు ఆనించి చూశాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిది వేడిగా ఉంది.

"ఎండ కుడివైపు నుంచే కదా వస్తోంది" అన్నారు మావారు.

ఉదయం ఏడింటి ఎండకు ఇనుము అంత కాగుతుందా అని నేను ఆలోచిస్తుంటే, భుజాన సంచీ ఉన్న ఒక పెద్దాయన మా ట్రైలర్ కిటికీ ముందు నిలబడి ఉన్నాడు.

"ప్లేటు ఇడ్లీ ఎంతండీ?"

"ఇది హోటల్ కాదండీ" అన్నారు మావారు.

"మరి కిటికీ ఉందే" అని ఆయన ఇంకాసేపు నిలబడే ఉన్నాడు.

ఎలమంచిలి దగ్గర మళ్ళీ ఆపించి చూశాను. అప్పుడూ కుడిదే వేడి. అక్కణ్ణించి ప్రతి గతుకుకూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

10:35కి ఆటోనగర్ చేరాం. ఉక్కు చుట్టలు మోసే పెద్ద పెద్ద లారీ ట్రైలర్లు వరసగా ఆగి ఉన్నాయి. వాటి మధ్యలో దూరి వెళితే చివర రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. అప్పలరాజుకు అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు జారిపోకుండా తాడు కట్టుకున్నాడు. మా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇదేటి బాబూ, టిఫిన్ బండా?"

"కాదండీ, మేము పడుకునే బండి" అన్నారు మావారు.

"పడుకోడానికి మీకు ఇల్లు నేదేటి?" అని కుడి హబ్బు మీద చెయ్యి పెట్టాడు. "కాగిపోతంది. సల్లారనీండి. గంట పడతాది."

ఇప్పుడే విప్పి చూడొచ్చు కదా అన్నాను.

"వేడి మీద సూత్తే నాకేటీ తెలీదమ్మా."

చల్లారాక చూస్తే మాకేమీ తెలియదు కదా అని నాకనిపించింది. పైకి అనలేదు. గంటసేపు ఒక ఇనుప స్టూలు మీద, ఒళ్ళో పాపతో, ఆయన చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను.

11:40కి ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, హబ్బు మూత తీసి, నట్టు ఊడిపోకుండా దానికి అడ్డంగా దూర్చి ఉన్న పిన్ను లాగి, నట్టు విప్పి, హబ్బు మొత్తం బయటికి లాగాడు. పాత గ్రీజు ఎండిన చింతపండులా ఉంది. దాన్నంతా పేపరు మీదికి తుడిచాడు. ఆ పక్క బేరింగులు ఒక స్టీలు పళ్ళెంలో వేసి, పళ్ళెం మీద సుద్దతో ఒక గీత గీశాడు. కుడివాటికి ఇంకో పళ్ళెం పెట్టుకున్నాడు. ఒకదాని బేరింగు ఇంకోదానికి పెట్టకూడదట. డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి తిప్పి చూశాడు.

"బాగున్నాయి. ఇంకో రెండేళ్ళు తిరుగుతాయి. కొత్తయి అక్కర్నేదు."

కొత్తవి వేయాలనే మెకానిక్కులను అందరూ అనుమానిస్తారు. నేను అక్కర్లేదన్న ఈయన్ని అనుమానించాను. ఈయన దగ్గర కొత్తవి లేవేమో, లేవని చెప్పడం ఇష్టం లేదేమో.

తర్వాత ఎడమ అరచేతిలో గుప్పెడు గ్రీజు పెట్టుకుని, కుడిచేత్తో బేరింగు పట్టుకుని, దాని అంచుతో అరచేతి మీద నొక్కుతూ లాగాడు. మళ్ళీ మళ్ళీ. గ్రీజు లోపలికి దూరి, అవతలివైపు బేరింగులోని ఇనుప గింజల సందుల్లోంచి పురుగుల్లా బయటికొచ్చేదాకా ఆపలేదు. కొంచెం తిప్పి మళ్ళీ అదే పని. ఇంత ఓపిగ్గా చేస్తున్నాడు కదా అని నా మనసు కాస్త మెత్తబడింది. అంతా బిగించి, చక్రం చేత్తో తిప్పుతూ నట్టు గట్టిగా తిప్పాడు. ఆ వెంటనే దాన్ని వెనక్కి వదులు చేశాడు.

"బిగించి మళ్ళీ వదులు చేశారేం?" అని అడిగాను.

"అలగే ఉండాల."

"ఎందుకని?"

"బేరింగు కదమ్మా" అని కొత్త పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపుకు వంచాడు.

అది జవాబు కాదు.

ఆయన కుడి చక్రం విప్పుతుండగా నిత్య ఏడుపు అందుకుంది. లోపలినుంచి ఆయన భార్య రమణమ్మ వచ్చింది. "గుంటకి ఆకలేత్తంది. లోపలికి రండమ్మా, ఇక్కడంతా ఇనపరజను" అని నా మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పాలివ్వడం పది నిమిషాల్లో అయిపోయింది. నేను లేవబోయినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి అడిగింది. పిల్ల ఏ నెలలో పాకింది, పళ్ళెన్ని వచ్చాయి, కాకినాడలో చేప ఎలా ఉంది. అన్నం తినమంది, వద్దంటే మజ్జిగ తెచ్చింది. "కూకోండమ్మా, ఇప్పుడేటి తొందర" అని మూడుసార్లు అంది. నేను బయటికి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది. కుడి చక్రం మూసేసి ఉంది. జాకీ కూడా తీసేశాడు.

"మీరు చూశారా, గ్రీజు పెట్టడం?" అని మావారిని పక్కకు పిలిచి అడిగాను.

"మధ్యలో ఫోన్ వచ్చింది. చాలావరకు చూశాను."

చాలావరకు అంటే ఎంత? వేడెక్కిన చక్రమే నేను లేనప్పుడు మూసుకుపోయింది. ఆవిడ నన్ను కావాలనే ఆపిందా?

అప్పలరాజు రెండు పేపరు పొట్లాలు తెచ్చి మావారి చేతిలో పెట్టాడు. పాత గ్రీజు, పాత పిన్నులు, గ్రీజు కారకుండా హబ్బు వెనక ఉండే పాత సీళ్ళు. "మీయి మీరట్టికెళ్ళండి. ఇప్పినది ఏదీ మా కాడ ఉంచం." అది ఆయన షెడ్డులో పద్ధతట. పొట్లంలో ఉన్న గ్రీజు ఎవరి బండిదని ఎవరు చెప్పగలరు?

బయలుదేరేటప్పుడు ఆయన నాతో అన్నాడు: "ఇరవై కిలోమీటర్లెళ్ళాక ఆపి హబ్బు మీద సెయ్యి ఎట్టండి. పది లెక్కెట్టీదాకా ఉంచగలిగితే పరవానేదు. ఉంచలేపోతే నాకు ఫోన్ సెయ్యండి, ఎక్కడున్నా వత్తాను. ఇంకోడి సేత మాత్రం ఇప్పించకండి."

ఆ చివరి మాట రుషికొండ దాకా నన్ను వదల్లేదు. ఇంకొకడు విప్పితే ఏం బయటపడుతుంది?

మధ్యాహ్నం 1:50కి బయలుదేరి సింధియా మీదుగా పోర్టు రోడ్డు పట్టాం. ఎవరైనా పిల్లలతో వెళితే ఆ దారి వద్దని చెబుతాను. బొగ్గు లారీల వెనక గంటసేపు అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాం. బీచ్ రోడ్డులో ఆపి హబ్బులు ముట్టుకున్నాను. ఎడమది పది లెక్కపెట్టాను. కుడిది కూడా పది.

"ఇప్పుడేమంటావు, సుధా?" అన్నారు మావారు.

"ఇవాళ్టికి బాగానే ఉంది" అన్నాను.

రుషికొండలో బీచికి పైన ఒక ఇంటివాళ్ళ ఖాళీ ఆవరణలో బండి పెట్టుకున్నాం. రాత్రికి ఆరు వందలు, నీళ్ళకు లోటు లేదు, బాత్రూం గడియ సరిగా పడదు. ట్రైలర్ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. మా దుప్పటి మీద, మా దోమతెర లోపల, నిత్య హాయిగా నిద్రపోయింది. నేను చక్రం గురించి ఆలోచిస్తూ పడుకున్నాను.

శనివారం ఉదయం 7 గంటలకు మావారు బీచికి దిగారు. ఆవరణకు ఎదురుగానే ఒక పంక్చర్ షాపు ఉంది. పాపను చంకనేసుకుని వెళ్ళి, ఒకసారి వచ్చి చక్రం చూడమని షాపాయన్ని అడిగాను. ఇంకొకడి చేత విప్పించడం కాదు, ఊరికే చూపించడమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కుడివైపు జాకీ ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. టిక్కు టిక్కుమని సన్నటి కదలిక. నా చెయ్యి పట్టించి కూడా ఊపి చూపించాడు.

"ఆడతందమ్మా. ఎవుడు సేసాడు?"

మూత తీయమన్నాను. లోపల ఎర్రటి కొత్త గ్రీజు నిండుగా ఉంది. అంటే అప్పలరాజు గ్రీజు పెట్టాడన్నమాట. ఒక అనుమానం తీరింది. కానీ వదులు మాట? బిగించి వెనక్కి తిప్పడం నా కళ్ళతో నేనే చూశాను. నాలుగు రోజుల్లో మళ్ళీ తన దగ్గరికే రావాలని చేశాడా?

"బిగించమంటారేటి?"

"బిగించండి. గట్టిగా" అన్నాను. ఆయన పానాతో ఒక చుట్టు తిప్పి ఆగితే, "ఇంకొంచెం" అని కూడా నేనే అన్నాను. పిన్ను విప్పేటప్పుడు దాని కాలు విరిగిపోయింది. షాపులో ఆ సైజు లేదని, ఇనుప తీగ ముక్క దూర్చి మెలిపెట్టాడు. ఊపి చూశాను. ఇసుమంత కూడా కదల్లేదు. ఎంత ధైర్యంగా అనిపించిందో. ఎడమది కూడా చేయించేదాన్నే, ఇంతలో కింద మెట్ల దగ్గర మావారి టోపీ కనిపించింది. పంక్చర్ ఆయనకు వంద ఇచ్చి పంపేశాను. మావారికి చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఆ రోజు ట్రైలర్ అక్కడే ఉంచి, కారులో పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం. పాపకు అరటిపళ్ళు, సపోటాలు కావాలి. నేను ఒక్కో పండూ తొడిమ దగ్గర నొక్కి, వాసన చూసి పక్కన పెడుతుంటే బుట్ట ముందున్న ఆవిడ కాసేపు చూసి, "ఏటమ్మా, పెళ్ళిసూపులకొచ్చావా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డజనులో ఎనిమిదే తీసుకున్నాను. మధ్యాహ్నం పాత ఊళ్ళో చేపల భోజనం మావారు తిన్నారు, బాగుందట. నేను డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. సాయంత్రం ముగ్గురం సముద్రంలో పాదాలు తడుపుకున్నాం. రెండు రోజుల్లో నేను చక్రం గురించి ఆలోచించకుండా గడిపిన సాయంత్రం అదొక్కటే.

ఆదివారం 6:10కి ట్రైలర్ తగిలించుకుని, ఎండాడ, హనుమంతవాక, అడవివరం మీదుగా సింహాచలం వెళ్ళాం. బండి కొండ కింద పెట్టి, బస్సులో పైకెళ్ళి దర్శనం చేసుకుని, అట్నుంచి అటే కాకినాడ వెళ్ళాలని ఆలోచన. 6:55కి కొండ కింద ఆగాం. దిగగానే వాసన కొట్టింది. పొయ్యి మీద ఖాళీ పెనం మరిచిపోతే వచ్చే వాసన. కుడి హబ్బు మీద చెయ్యి పెట్టాను. ఒకటి. రెండో అంకె పూర్తి కాకుండానే చెయ్యి లాగేసుకున్నాను. ఎడమది పది.

మావారు కూడా ముట్టుకుని చూసి, అక్కడే నిలబడి ఫోన్ చేశారు. "మొన్న చేసి మొన్న డబ్బులు తీసుకున్నారు. ఏం చేశారండీ మీరు? చెయ్యి కాలిపోతోంది." నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. పాపను భుజం మీద వేసుకుని అటూ ఇటూ నడిచాను. నేను లోపలున్న ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఆయనే ఏదో తప్పు చేసి ఉంటాడు, తీగకూ దీనికీ సంబంధం ఉండదు అని గట్టిగా అనుకున్నాను.

7:50కి స్కూటర్ వచ్చింది. ముందు అప్పలరాజు. వెనక రమణమ్మ, తల్లో పూలతో, ఒక చేతిలో కొబ్బరికాయ, ఒళ్ళో గోనెసంచీతో.

"ఎలగూ వత్తన్నాడు కదా, అప్పన్న దర్శనం సేసుకుందారని నానూ ఎక్కీసాను" అంది. గోనెసంచీలోంచి గ్రీజు డబ్బా, పానాలు, కాగితంలో చుట్టిన కొత్త బేరింగులు తీసింది.

అప్పలరాజు మళ్ళీ చల్లారేదాకా ఆగాడు. ఆ అరగంట మావారు ఊరుకోలేదు. "చిన్న పిల్ల ఉందండీ మా బండిలో. హైవే మీద చక్రం ఊడితే ఎవరిది బాధ్యత?" పక్కనే కొబ్బరికాయల కొట్టాయన వచ్చి నిలబడి, "మెకానిక్కులందరూ ఇంతేనండి" అన్నాడు. అప్పలరాజు జాకీ ఎత్తాడు. మూత తీశాడు. తీసి, మడమల మీద కూర్చుండిపోయాడు.

"బాబూ, ఈ తీగ నాను కట్టినది కాదు."

"మేం ఎవరి చేతా ముట్టించలేదు" అన్నారు మావారు.

"నాను పిన్ను ఏసాను. కొత్తది."

"మరి తీగ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పిన్ను మిగుల్చుకున్నాడు, తీగెట్టీసాడు" అని కొట్టాయన నవ్వాడు.

రమణమ్మ అతని వైపు తిరిగింది. "నీ కొట్టు సూసుకో బావూ. ముప్పయ్యేళ్ళనుండి సక్రాలే సేత్తన్నాడు. సంతకం ఎట్టడం రాదు గాని, పిన్ను ఎట్టకుండా బండి ఎప్పుడూ ఒగ్గలేదు."

మావారు ఫోన్ తీసి తీగకు ఫొటో తీశారు. ఈ షెడ్డు పేరు చెప్పిన స్నేహితుడికి, ఆయన ద్వారా బండ్లున్న వాళ్ళందరికీ పంపుతానన్నారు. ఇంకొకళ్ళు మోసపోకూడదు కదా అన్నారు. అప్పలరాజు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అద్దాలకు గ్రీజు అంటుకుని ఇంకా మసకబారాయి. "పంపండి బాబూ. నానేటి సెయ్యగల్ను" అన్నాడు.

"ఆ తీగ నేను కట్టించాను" అన్నాను.

మావారు ఫోన్ పట్టుకుని అలాగే నా వంక చూశారు. అప్పలరాజు మాత్రం నా వైపు తిరగకుండా తీగ మెలి విప్పడం మొదలుపెట్టాడు.

"ఎవుడు బిగించాడమ్మా?"

"రుషికొండలో పంక్చర్ ఆయన. గట్టిగా బిగించమని నేనే చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"ఎందుకు?"

"చక్రం ఆడుతోంది."

"ఆడాలమ్మా. రవ్వంత ఆడాల. తిరిగితే బేరింగు వేడెక్కుతాది, వేడెక్కితే ఉబ్బుతాది. ఉబ్బడానికి సోటు ఒగ్గాల. అందుకే బిగించి ఎనక్కి తిప్పుతాను. సోటు నేకపోతే ఇదుగో, ఇలగ." బేరింగు బయటికి తీసి చూపించాడు. గింజలు నీలంగా, నెమలి మెడలా మెరుస్తున్నాయి. అంతకుముందు నట్టు విప్పడానికి ఆయన పానా మీద రెండు చేతులూ వేయాల్సి వచ్చింది.

"మరి ఆయమ్మ అడిగినప్పుడు ఈ మాట సెప్పలేదేటి?" అంది రమణమ్మ. "నోట్లో గ్రీజెట్టుకున్నావేటి?"

"సెప్పాల్సింది" అన్నాడు అప్పలరాజు.

కొత్త బేరింగు మీది కాగితం విప్పి, డబ్బాలోంచి గ్రీజు తీసి, నా ముందు పట్టాడు. "సెయ్యి సాపండి."

"నేనా?"

"మీరే. నాను సేత్తే ఇంటికెళ్ళి మళ్ళీ ఇప్పిత్తారు."

రమణమ్మ చేతులు చాపింది. ఆ చేతులు కడుక్కుందా లేదా అని ఒక్క క్షణం ఆగాను, తర్వాత పాపను ఇచ్చేశాను. అరచేతిలో గ్రీజు చల్లగా, బరువుగా పడింది. బేరింగు అంచుతో నొక్కుతూ లాగితే మొదట అంతా బయటే పూసుకుపోయింది. "రాయకండి, తొయ్యండి" అన్నాడు. పదోసారికో ఎప్పటికో అవతలివైపు సన్నటి తీగల్లా గ్రీజు పైకొచ్చింది. అన్ని సందుల్లోంచీ వచ్చేదాకా తిప్పించాడు. రెండోది కూడా నాచేతే. హబ్బు ఎక్కించాక నట్టు నాచేతే బిగింపజేసి, చక్రం తిప్పమని, మళ్ళీ వెనక్కి తిప్పమన్నాడు. టైరు పట్టుకుని ఊపమన్నాడు. టిక్కు.

"తెలిసిందా?"

"తెలిసింది."

"అంతే ఉండాల" అని పిన్ను దూర్చి, దాని కాళ్ళు మాత్రం తనే వంచాడు.

మావారు ఫోన్ ఆయనకు చూపించి, ఇందాకటి ఫొటో డిలీట్ చేశారు. "ఏమనుకోకండి" అన్నారు. బేరింగులకూ పెట్రోలుకూ డబ్బు తీసుకున్నాడు. కూలి ఇవ్వబోతే, "పని ఆయమ్మ సేసింది" అన్నాడు. నీలంగా మారిన బేరింగు, తీగ ముక్క పొట్లం కట్టి మాకే ఇచ్చాడు.

9:30 బస్సులో రమణమ్మ, నేను, పాప కొండెక్కాం. మగవాళ్ళిద్దరూ బండి దగ్గరే ఉన్నారు. నిత్య ఆవిడ గాజులు కొరుకుతూ కూర్చుంది. నేను అడగకుండా ఉండలేకపోయాను. "మొన్న నన్ను లోపలే కూర్చోబెట్టారు కదా, ఎందుకని?"

ఆవిడ నా మొహం చూసింది. "ఎందుకేటి? ఆ షెడ్డులో పొద్దుకూకులూ మగోళ్ళే వత్తారు. సక్రాల గురించే మాటాడతారు. పిల్లనెత్తుకుని ఆడమనిషి వచ్చింది, కూకోబెట్టాను." పాప నోట్లోంచి గాజు విడిపించుకుంటూ, "మీరేటనుకున్నారు?" అంది.

కిటికీలోంచి కొండ చూపించి మాట మార్చాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

దర్శనానికి గంటన్నర పట్టింది. పసిపిల్ల ఉంటే పెందలాడే వెళ్ళడం మంచిది. కిందికి దిగి, వాళ్ళ దగ్గర సెలవు తీసుకుని, 12:20కి గోపాలపట్నం, గాజువాక మీదుగా తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం.

"నాకెందుకు చెప్పలేదు?" అని అనకాపల్లి దగ్గర మావారు అడిగారు.

"నవ్వుతారని."

"నవ్వేవాణ్ణే" అన్నారు. కాసేపటికి, "ఆయన్ని అన్ని మాటలు అన్నాను" అన్నారు.

విశాఖ ఎలా ఉందని వచ్చాక అందరూ అడిగారు. సముద్రం బాగుంది, పోర్టు రోడ్డు దుమ్ము, మార్కెట్లో పళ్ళు మంచివే. అసలు నేను చూసిన విశాఖ మూడొంతులు ఆ హబ్బు చుట్టూనే తిరిగింది. ట్రైలర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏడాదికోసారి బేరింగులు విప్పి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. దారిలో ఆగినప్పుడల్లా పది లెక్కపెట్టండి. చక్రం కొంచెం ఆడితే కంగారుపడకండి. చేసేవాణ్ణి ఎందుకని అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి, అంతేగాని ఇంకొకరి దగ్గరికి పరిగెత్తకండి.

లంకెలపాలెంలో ఒకసారి, ఎలమంచిలిలో ఒకసారి, తునిలో, అన్నవరంలో ఆపించాను. కుడి హబ్బు గోరువెచ్చగానే ఉంది. పది లెక్కపెట్టాను, చాలదని ఇరవై లెక్కపెట్టాను. గ్రీజు అన్ని సందుల్లోకీ వెళ్ళిందో లేదో, నట్టు ఎక్కువ వదులు చేశానేమో అని మళ్ళీ చెయ్యి పెట్టాను. అన్నవరంలో మావారు కూడా దిగి వచ్చి, నా చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆ చక్రం లోపల పని చేసింది నేను కదా. అప్పలరాజు చేసిన ఎడమ చక్రాన్ని ముట్టుకుని చూడడం మాత్రం తునిలోనే మానేశాను.